కాంటోనీస్‌లో సిగ్గు, బిడియం, మొహమాటం: ఏ మాట ఎక్కడ వాడాలి?

మీరు అడిగింది ఇది. ఉద్యోగం మీద హాంకాంగ్ వచ్చారు. ఆఫీసులో అందరి ముందు మెచ్చుకుంటే ఏమనాలో తోచక, డిక్షనరీలో చూసి నేర్చుకున్న "హోయ్ సౌ" అనే మాట వాడారు. పక్క సీట్లో ఆవిడ నవ్వి, "మామూలుగా అలా అనరు" అంది. ఇంకొకటి, మీ అయిదేళ్ల పాప లిఫ్టులో పక్కింటి పెద్దావిడ పలకరించగానే మీ వెనక దాక్కుంటోంది. అప్పుడు ఆవిడకు ఏం చెప్పాలి?

ముందు సూటిగా జవాబు చెప్తాను. జనం మాట్లాడే కాంటోనీస్‌లో సిగ్గుకు వాడే మాట ఫా3 ఛౌ2. మీ పాప విషయంలోనూ అది పనికొస్తుంది, అంతకంటే మంచి మాట చివర్లో చెప్తాను. ఆఫీసులో మీకు కావలసింది మాత్రం అది కాదు, మ్4 హో2 యీ3 సీ1. మొదటిది మన సిగ్గు, రెండోది మన మొహమాటం. నేను హాంకాంగ్‌లో చాలా ఏళ్లుగా ఉంటూ, కొత్తగా వచ్చే మనవాళ్లకు మాట్లాడే కాంటోనీస్ నేర్పుతున్నాను. అందరికీ మొదట చెప్పేది ఒక్కటే: ఈ మాటల్ని ఇంగ్లీషు గుండా నేర్చుకోకండి. అలా నేర్చుకుంటే చాలావరకు ఒకే 'షై' కింద కలిసిపోతాయి. మనకు సిగ్గు వేరు, బెరుకు వేరు, మొహమాటం వేరు, నామోషీ వేరు. కాంటోనీస్ వాళ్లకూ అంతే. తెలుగులోంచి నేరుగా వెళ్తే సగం దారి తగ్గుతుంది.

మాటల పక్కన వేసిన అంకెల సంగతి. అవి స్వరాలకు గుర్తులు. 1 పైన నిలకడగా ఉండేది, 2 పైకి లేచేది, 3 మధ్యలో నిలకడ, 4 కిందికి దిగేది, 5 కింద నుంచి కొంచెం లేచేది, 6 కాస్త కింద నిలకడ. హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో తయారు చేసిన యూట్‌పింగ్ అనే పద్ధతిలో ఈ అంకెలే వాడతారు. ఆ పద్ధతి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి మనవాళ్లు ఒకచోట పొరపడతారు. అందులో బీ, డీ, జీ అని రాసినవాటిని మన బ, ద, గ లాగా పలుకుతారు. కానీ కాంటోనీస్‌లో ఆ నాదం లేదు. అవి మన ప, త, క. పీ, టీ, కే అని రాసినవి ఊపిరి వదులుతూ పలికే ఫ, థ, ఖ. ఇక్కడ నేను అలాగే రాస్తున్నాను. అయితే ఫ అంటే ఫలం అన్నప్పటి ఒత్తు ఫ, ఫ్యాన్‌లో ఫ కాదు. చ అంటే చాప, చాలు అన్నప్పుడు పళ్ల దగ్గర పలికే చ, ఛ అంటే దానికే గట్టిగా ఊపిరి తోడైనది.

ఫా3 ఛౌ2లో రెండో ముక్క జాగ్రత్తగా పలకాలి. అది పొట్టి అచ్చు. మన 'అవ్' ఎంతసేపు పలుకుతామో అంతే. దాన్ని సాగదీసి ఛావ్2 అన్నారా, అది 'వేయించడం' అవుతుంది. హాంకాంగ్‌లో ఉద్యోగంలోంచి తీసేయడాన్ని కూడా ఆ మాటతోనే అంటారు. పూర్తి రూపం ఛావ్2 యౌ4 యూ2, అంటే స్క్విడ్ అనే సముద్ర జీవిని వేయించడం. పెనం మీద స్క్విడ్ ముక్క చుట్టుకుపోయినట్టు, పని పోయినవాడు పక్క చుట్టుకుని వెళ్లిపోతాడని దానికి వివరణ చెప్తారు. అందుకే ఆఫీసులో ఫా3 ఛావ్2 అంటే వినేవాళ్లకు "ఉద్యోగం ఊడుతుందేమోనని భయం" అని అర్థమవుతుంది. స్వరం 2 బదులు 3 పడితే ఛౌ3, అది దుర్వాసన. హ్రస్వం, దీర్ఘం తేడా మనకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి మొదటి తప్పు తెలుగువాళ్లు త్వరగా దిద్దుకుంటారు. స్వరానికి మాత్రం సాధన కావాలి. ఆ రెండో ముక్కను "ఔనా?" అని ఆశ్చర్యంగా అడిగేటప్పుడు గొంతు లేచినట్టు పైకి లేపండి.

ఇక మీరు వాడిన హోయ్6 సౌ1. అది తప్పు కాదు. రాసే భాషలోది, అంతే. హాంకాంగ్‌లో బళ్లలో, పత్రికల్లో రాసేది ప్రామాణిక చైనీస్. దాన్ని కాంటోనీస్ ఉచ్చారణతో చదువుతారు. ఇంట్లో, బస్సులో, మార్కెట్లో మాట్లాడేది వేరు. ఇక్కడి టీవీ ఛానెల్ టీవీబీలో ఏదైనా సీరియల్ పెట్టి చూడండి. పాత్ర నోట "ఫా3 ఛౌ2" వినిపిస్తుంది, కింద సబ్‌టైటిల్‌లో హోయ్6 సౌ1 అక్షరాలు కనిపిస్తాయి. పాటలు కూడా ఎక్కువగా రాసే భాషలోనే ఉంటాయి కాబట్టి పాటలు విని నేర్చుకున్నవాళ్లకు హోయ్6 సౌ1 ముందు వస్తుంది. చైనా అధికార భాష మాండరిన్ మాట్లాడేవాళ్లకు వాళ్ల ఉచ్చారణలో అదే మామూలు మాట. అందుకే చాలా డిక్షనరీలు దాన్నే పైన పెడతాయి. మీ కొలీగ్ నవ్వింది వెక్కిరింపుగా కాదనే నా అభిప్రాయం. మామూలు కబుర్ల మధ్య ఎవరైనా "నేను లజ్జితురాలనయ్యాను" అంటే మనమూ నవ్వుతాం. ఇంకెప్పుడైనా వాళ్లు నవ్వితే "మరి ఎలా అంటారు?" అని అడగండి. హాంకాంగ్ వాళ్లకు తమ మాట నేర్పడమంటే చాలా ఇష్టం.

ఫా3 అంటే భయపడటం. ఛౌ2 అంటే అందం లేకపోవడం, దానితోపాటు సిగ్గుచేటు, పరువు తక్కువ అనే అర్థం కూడా ఉంది. ఆ అక్షరంలో కుడివైపు దయ్యం గుర్తు ఉంటుంది, అర్థాన్ని సూచించడానికి. ఎడమవైపు ఉండే మద్యపు జాడీ గుర్తు ఉచ్చారణ కోసం. చైనాలో అక్షరాలను సరళం చేసినప్పుడు దీన్ని నాలుగు గీతల అక్షరంతో కలిపేశారు. అందుకే గ్వాంగ్‌జౌలో రాసింది, హాంకాంగ్‌లో రాసింది చూడ్డానికి వేరుగా ఉంటాయి. మాట ఒకటే. నలుగురిలో చిన్నబోతామేమో అనే జంకే ఫా3 ఛౌ2.

ఇక్కడ తెలుగువాళ్లకు బాగా కలిసొచ్చే విషయం ఒకటి ఉంది. మన సిగ్గు రెండు పనులు చేస్తుంది. పెళ్లికూతురు తల దించుకున్నా సిగ్గే, తప్పుడు పని చేసినవాడికి ఉండాల్సిందీ సిగ్గే. "సిగ్గు లేదూ?" అని తిడతాం. ఛౌ2 కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. చీ1 ఛౌ2 అంటే సిగ్గెరగడం, మ్4 చీ1 ఛౌ2 అంటే సిగ్గులేని మనిషి. "నేయ్5 ఛౌ2 మ్4 ఛౌ2 ఆ3?" అంటే "నీకు సిగ్గుగా లేదా?" అని గట్టి చీవాటు. ఇంటి గుట్టు బయట పెట్టకూడదు అనే సామెతలోనూ ఇదే ఛౌ2 వస్తుంది, ఇంటి సిగ్గు బయటికి పోకూడదని. కాబట్టి ఫా3 ఛౌ2ను కాదు అని చెప్పేటప్పుడు జాగ్రత్త. "వాడికి సిగ్గు పడటం తెలీదు, అందరితో కలిసిపోతాడు" అని మెచ్చుకోలుగా అనబోయి మ్4 ఫా3 ఛౌ2 అని ఊరుకుంటే, అన్న తీరును బట్టి అది "సిగ్గులేనివాడు" అని కూడా వినిపించవచ్చు. మెచ్చుకోవాలంటే కలుపుగోలుతనం గురించే నేరుగా చెప్పండి.

భాష పరంగా ఇంకో అందం ఉంది. ఫా3, ఛౌ2 రెండు ముక్కలూ విడిపోయి మధ్యలో వేరే మాటకు చోటిస్తాయి. "సిగ్గెందుకు?" అనాలంటే మధ్యలో 'ఏమి' అనే మాట దూర్చి "ఫా3 మత్1 ఛౌ2 చె1!" అంటారు. చివరి చె1 "అదేం పెద్ద విషయమని" అనే తేలికదనం తెస్తుంది. మెత్తగా చెప్పాలంటే "మ్4 సయ్2 ఫా3 ఛౌ2", సిగ్గుపడక్కర్లేదు అని. స్నేహితుల మధ్య ఇంకాస్త గట్టిగా "హో2 క్వయ్2 ఫా3 ఛౌ2" అంటారు. క్వయ్2 అంటే దయ్యం, ఇక్కడ "మహా సిగ్గు" అన్నట్టు పనిచేస్తుంది. ఇది పెద్దవాళ్ల ముందు వద్దు. సిగ్గు పడుతూ పడుతూ చేసిన పనికి "ఫా3 ఫా3 ఛౌ2 ఛౌ2" అని జంట కట్టి చెప్తారు. మనం "సిగ్గు సిగ్గుగా" అన్నట్టే.

అత్తిపత్తి మొక్కను వీళ్లు ఫా3 ఛౌ2 ఛో2 అంటారు, సిగ్గుపడే గడ్డి అని. ముట్టుకుంటే ముడుచుకునే ఆ మొక్క అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి ప్రపంచమంతా పాకింది. లాటిన్ పేరు మిమోసా పుడికాలో పుడికా అన్నా సిగ్గరి అనే అర్థం. హాంకాంగ్ కొండదారుల్లో, గడ్డి మైదానాల అంచుల్లో కనిపిస్తుంది. మీ పాపకు దాన్ని చూపించి పేరు చెప్పండి. మాట ఇక మర్చిపోదు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట, మ్4 హో2 యీ3 సీ1. 2021 జనగణన ప్రకారం హాంకాంగ్‌లో సుమారు 88 శాతం మంది ఇంట్లో మాట్లాడేది కాంటోనీస్. మీరు బయట అడుగు పెడితే రోజూ పదులసార్లు వినపడే మాటల్లో ఇదొకటి. రద్దీలో దారి అడగడానికి, ఫోన్‌లో మధ్యలో ఆపడానికి, రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకు, అన్నిటికీ ఇదే. అందుకని చాలామంది దీన్ని 'ఎక్స్‌క్యూజ్ మీ' అని నేర్చుకుని అక్కడే ఆగిపోతారు. దాని మనసు మాత్రం మొహమాటమే. దాని వెనక ఒక క్రియ పెట్టి చూడండి. "ఙో5 మ్4 హో2 యీ3 సీ1 మన్6" అంటే "అడగడానికి నాకు మొహమాటంగా ఉంది". అలాగే తినడానికి, తీసుకోవడానికి, కాదనడానికి. తెలుగులో మనం మొహమాటం పడే ప్రతి చోటా ఇది చక్కగా అతుకుతుంది. ఇంగ్లీషులో దీనికి సరిపడే ఒక్క మాట లేక వివరణలు రాస్తారు. మనకు ఆ ఇబ్బంది లేదు.

ఎవరైనా బహుమతి తెస్తే మనం "ఎందుకండీ ఇవన్నీ" అంటూ తీసుకుంటాం చూడండి, ఆ సందర్భానికి "తిమ్2 హో2 యీ3 సీ1 ఆ3" ఉంది. "ఎలా తీసుకునేది, మొహమాటంగా ఉందండీ" అని. తీసుకోనని కాదు, మర్యాద అది. మ్4 హో2 యీ3 సీ1లో ముందున్న మ్4, అంటే 'కాదు', తీసేస్తే కత్తిలా మారుతుంది. "నేయ్5 తో1 హో2 యీ3 సీ1 కోంగ్2?" అంటే "ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?" అని. వింటే గుర్తు పట్టండి చాలు, మీరు వాడాల్సిన అవసరం రాకూడదని కోరుకుంటాను.

క్షమాపణతో దీన్ని కలపకండి. ఎవరి కాలైనా తొక్కినా, వాళ్ల బట్టల మీద టీ ఒలికినా, మాట తప్పినా తోయ్3 మ్4 చూ6 అనాలి. అది నిజమైన "క్షమించండి". పెద్ద నష్టం చేసి మ్4 హో2 యీ3 సీ1 అంటే ఎదుటివాళ్లకు అది చాలా తేలిగ్గా తీసుకున్నట్టు ఉంటుంది. తోవ ఇచ్చినందుకు, తలుపు పట్టుకున్నందుకు కృతజ్ఞతగా మ్4 కోయ్1.

మీ ఆఫీసు సందర్భానికి వద్దాం. నలుగురిలో మెచ్చుకున్నారు, ముఖం వేడెక్కింది, ఏదో ఒకటి అనాలి. "నాకు సిగ్గేస్తోంది" అని ఫా3 ఛౌ2 వాడి చెప్పొచ్చా? చెప్పొచ్చు, తప్పు లేదు. కానీ పెద్దవాళ్లు తమ గురించి తాము ఫా3 ఛౌ2 అంటే కాస్త చిన్నపిల్లలా, గారంగా వినిపిస్తుంది. దగ్గరి స్నేహితుల మధ్య బాగుంటుంది. మీటింగ్‌లో మేనేజర్ ముందు బాగుండదు. అక్కడ ఒక చిరునవ్వుతో "మ్4 హో2 యీ3 సీ1" అని, వెంటనే "మో5 ఆ3, మో5 ఆ3" అనండి. "అబ్బే, అంత లేదండీ" అని. కొంచెం మర్యాదగా కావాలంటే "క్వో3 చోంగ్2", అతిగా పొగిడారు అని. తోటి ఉద్యోగులు ఆటపట్టిస్తుంటే "మ్4 హో2 సియు3 ఙో5 లా1", నన్ను చూసి నవ్వకండి అని. నేనైతే మీకు ఈ చివరిదాన్నే గట్టిగా సిఫార్సు చేస్తాను. అందులో సిగ్గు అనే మాటే లేదు, అయినా సిగ్గు పూర్తిగా తెలుస్తుంది. మాట చివర లా1 గొంతులో నిలకడగా పైన ఉండాలి. అప్పుడే బతిమాలినట్టు ఉంటుంది. లేకపోతే ఆజ్ఞ ఇచ్చినట్టు వినిపిస్తుంది. ఈ రోజుల్లో కుర్రవాళ్లు హాయిగా థ్యాంక్స్ చెప్పి ఊరుకుంటారు, అది కూడా పూర్తిగా మర్యాదే.

ఙో5, అంటే 'నేను', అన్నప్పుడు ఆ ఙ గురించి ఒక మాట. అక్షరమాలలో నేర్చుకుని మనం మళ్లీ వాడని ఆ అక్షరం ఇక్కడ రోజూ కావాలి. అయితే హాంకాంగ్‌లో చాలామంది దాన్ని వదిలేసి ఓ5 అనేస్తారు. మీరు రెండూ వింటారు. నేర్చుకునేటప్పుడు మాత్రం ఙతోనే నేర్చుకోండి. పెద్దవాళ్లు అది వింటే ముచ్చటపడతారు.

తర్వాత ముఖం మాటలు. చైనీస్ సమాజంలో ముఖం అంటే పరువు అని మీరు వినే ఉంటారు. కాంటోనీస్‌లో పేయ్2 మిన్2 అంటే ముఖం ఇవ్వడం, ఒకరి పరువు నిలపడం. మో5 మిన్2 అంటే ముఖం లేకపోవడం. సిగ్గరికి ముఖచర్మం పల్చన, మిన్6 ఫేయ్4 పోక్6. సిగ్గులేనివాడికి అది మందం, హౌ5 మిన్6 ఫేయ్4. పల్చన అనేది తిట్టు కాదు. అప్పు అడగలేనివాళ్ల గురించి, బేరమాడలేనివాళ్ల గురించి, ప్రేమ సంగతి చెప్పలేనివాళ్ల గురించి జాలిగా అంటారు. ముఖం ఎర్రబడితే మిన్6 హుంగ్4. మాట తడబడితే హౌ2 చత్6 చత్6, నోరు అడ్డం పడుతూ ఉండటం. ఇవి రెండూ సిగ్గు పేరు ఎత్తకుండా సిగ్గును చూపిస్తాయి. కాంటోనీస్ వాళ్లు కబుర్లలో ఎక్కువగా వాడేది ఇలాంటివే.

జరగకూడనిది జరిగిపోయాక కలిగే నామోషీకి వేరే మాటలున్నాయి. అందరూ వాడేది తియు1 కా2. నలుగురిలో జారిపడ్డా, తప్పు గ్రూపులో మెసేజ్ పెట్టినా ఇదే. దీంట్లో మొదటి ముక్క మీద ఒక గట్టి హెచ్చరిక. గొంతు పైన నిలకడగా ఉండాలి. అది లేచే స్వరంలోకి, అంటే 2లోకి జారితే కాంటోనీస్‌లోని పచ్చి బూతు అవుతుంది. నమ్మకం కుదిరేదాకా ఆ మాట వినడమే మంచిది. దానికి బదులు కుర్రకారు మాట యూ2 తేలిక. అసలర్థం కమిలి గడ్డకట్టిన రక్తం. "హో2 యూ2!" అంటే "అబ్బా, పరువు పోయింది" అన్నట్టు. ఇంటివాళ్లకో సంస్థకో తలవంపులు తెచ్చే పనికి సత్1 లయ్5, మర్యాద తప్పడం. పాత తరం వాళ్లు సౌ1 కా1 అనడం కూడా వింటారు. ఇద్దరి మధ్య ఇబ్బందికరమైన నిశ్శబ్దం పడితే కామ్3 కాయ్3. మరీ తట్టుకోలేని సిగ్గుకు "వన్2 లుంగ్1 క్యున్1", దూరడానికి కన్నం వెతుక్కోవడం. మనం భూమి చీలితే బాగుండు అనుకుంటాం, వీళ్లు ఆ కన్నాన్ని తామే వెతుక్కుంటారు.

ఇక సరసమైన సిగ్గు. దీన్ని జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే సీరియళ్లలో చూసి మనవాళ్లు ఆఫీసులో వాడేస్తుంటారు. యన్4 తేయ్6 అంటే 'ఇతరులు'. కానీ ప్రేమికుల మధ్య, గారాబంగా మాట్లాడేటప్పుడు 'నేను' అనకుండా యన్4 తేయ్6 అంటారు. "యన్4 తేయ్6 ఫా3 ఛౌ2 ఆ1 మా3" అంటే పైకి "వాళ్లకి సిగ్గు కదా" అని, లోపల "నాకు సిగ్గు కదా" అని. చివరి ఆ1 మా3 "ఆ మాత్రం తెలీదా" అనే గారం. తనను తాను పక్కకు తప్పించుకుని మాట్లాడటమే అక్కడ సిగ్గు. నాకు ఈ భాషలో చాలా ఇష్టమైన ప్రయోగాల్లో ఇది ఒకటి. కానీ దగ్గరితనం లేనిచోట వాడితే వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. దానికీ వాళ్లకు మాటుంది, యుక్6 మా4. అలాగే వయ్యారంగా మెలికలు తిరుగుతూ సిగ్గుపడటానికి నౌ2 నౌ2 నింగ్6 నింగ్6 అంటారు. ఇది కాస్త విసుగుతో అనే మాట. పాట పాడమంటే పది నిమిషాలు వద్దు వద్దు అనేవాళ్లను ఇలా అంటారు. "మ్4 హో2 నౌ2 నౌ2 నింగ్6 నింగ్6 లా1" అంటే "మెలికలు తిరగడం ఆపి కానియ్" అని.

తప్పించుకోలేని పనికి జంకుతున్నవాళ్లకు వీళ్లు చెప్పే పాత సామెత ఒకటుంది: "ఛౌ2 ఫూ5 చుంగ్1 సోయ్1 కిన్3 కా1 యుంగ్1". అందం లేని కోడలైనా ఎప్పటికైనా మామగారి ఎదుటికి రాక తప్పదు అని. ఇక్కడ ఫూ5లో మాత్రం ఫ్యాన్‌లో ఫ పలకాలి. ప్రజెంటేషన్ ముందు, పరీక్ష ఫలితాల ముందు, చాలాకాలంగా వాయిదా వేసిన ఫోన్ కాల్ ముందు ఎవరో ఒకరు దీన్ని అంటారు. కోడలి రూపం మీద చెప్పిన సామెత కాబట్టి నాకు అంత ఇష్టం లేదు. అయినా తెలిసుండాలి.

మీకు నిజంగా సాధన కావాలంటే మినీబస్ ఎక్కండి. చాలా మినీబస్సుల్లో, ముఖ్యంగా ఎర్రకప్పువాటిలో, ఎక్కడ దిగాలో ప్రయాణికులే గట్టిగా చెప్పాలి. "యౌ5 లోక్6, మ్4 కోయ్1!" అని, అంటే దిగేవాళ్లున్నారు, దయచేసి అని. బస్సు నిండా మనుషులు, అందరూ మౌనంగా ఉంటారు. పుట్టి పెరిగిన హాంకాంగ్ వాళ్లలోనే సిగ్గరులు దీనికి టెన్షన్ పడతారు. సన్నగా అంటే డ్రైవర్‌కు వినపడదు, స్టాప్ దాటిపోతుంది. ఈ ఒక్క వాక్యం నిస్సంకోచంగా అనగలిగినప్పుడు మీకు మిగతా మాటలు కూడా నోట్లోంచి బయటికి వస్తాయి. వారానికి రెండు మూడుసార్లు ప్రయత్నించండి.

మిగతా మాటలు క్లుప్తంగా: తక్కువ మాట్లాడే స్వభావానికి నోయ్6 హోంగ్3. అందులో సిగ్గు ఉండాలని లేదు. జనంలోకి వెళ్లాలంటేనే భయపడేవాళ్లు ఇప్పుడు తమను సె5 హుంగ్2 అనుకుంటున్నారు. అది చైనా ప్రధాన భూభాగపు నెట్ నుంచి వచ్చింది. పిరికితనానికి సయ్3 తామ్2, కానీ అది సిగ్గు కాదు, ధైర్యం లేకపోవడం.

చివరగా మీ పాప. కొత్తవాళ్లను చూసి దాక్కోవడాన్ని ఫా3 సాంగ్1 అంటారు. సాంగ్1 అంటే ఇక్కడ తెలియనిది, అలవాటు లేనిది. మన ఇళ్లలో "పాపకు కొత్త" అంటాం కదా, సరిగ్గా అదే. హాంకాంగ్ తల్లిదండ్రులు ఇలాంటప్పుడు పిల్లలతో "కియు3 యన్4 లా1" అంటారు. అంటే పెద్దవాళ్లను వరస పెట్టి పిలువు అని. ఇక్కడ పలకరింపు అంటే హలో కాదు, పిలుపు. పక్కింటి పెద్దావిడను ఫో4 ఫో2 అని, పెద్దాయనను కుంగ్4 కుంగ్1 అని పిలిస్తే చాలు, పిల్ల మర్యాద తెలిసినది అని మెచ్చుకుంటారు. చైనీస్ కొత్త సంవత్సరం రోజుల్లో డబ్బులున్న ఎర్ర కవర్లు పిల్లల చేతిలో పెట్టేటప్పుడు ఈ పిలుపు కోసం అందరూ ఎదురు చూస్తారు. అప్పుడు పిల్లలు గుడ్లనీళ్లు కుక్కుకోవడం నేను చాలాసార్లు చూశాను. వరసలు పెట్టి పిలవడం మనకూ ఉన్నదే కాబట్టి ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య అని నేర్పిన చోటే ఈ రెండు మాటలు కూడా ఆటలా నేర్పండి.

ఆవిడతో మీరు మాత్రం "ఖోయ్5 ఫా3 ఛౌ2", అంటే తనకు సిగ్గు అని, పాప ముందు ప్రతిసారీ అనకండి. అది కోపం తెప్పించే మాట కాదు, ఆవిడ నవ్వి "మ్4 సయ్2 ఫా3 ఛౌ2" అంటారు కూడా. కానీ తన గురించి అదే మాట వింటూ ఉంటే పిల్ల దానికే అలవాటు పడుతుంది. ఇక్కడి తల్లులు ఈ మధ్య ఎక్కువగా అనే మాట ఇంకొకటుంది, మాన్6 యిత్6. నెమ్మదిగా వేడెక్కుతుంది అని, అంటే కాస్త అలవాటైతేగానీ కలవదు అని. "ఖోయ్5 మాన్6 యిత్6" అని చెప్పి, మీరే ముందుగా "ఫో4 ఫో2, చో2 సన్4" అనండి. చో2 సన్4 అంటే ఉదయపు పలకరింపు. పాపను ముందుకు తోయొద్దు, ఆవిడ దగ్గర సంజాయిషీ చెప్పొద్దు. లిఫ్టు దిగేటప్పుడు మీరు చెయ్యి ఊపి "పాయ్1 పాయ్3" అంటే, కొన్నాళ్లకు తను కూడా మీ వెనక నుంచే చెయ్యి ఊపుతుంది. అక్కడి నుంచి ఫో4 ఫో2 అనడానికి ఎక్కువ రోజులు పట్టదు.